అడక్కముందే జవాబు

గ్యాస్ లీకయి ఇల్లు తగలబడుతుందని అక్క భయం. “కట్టేశావా అమ్మా?” అని ఎన్నిసార్లు అడిగినా జవాబు చెప్పొద్దంది డాక్టరమ్మ. మందులతో పాటు అదీ వైద్యమేనట. జవాబు దొరికిన కొద్దీ జబ్బు బలుస్తుందట.

మొదట్లో అక్క ఏడ్చింది. నన్ను రాక్షసుడంది. పంటి బిగువున ఊరుకున్నాను. ఈమధ్య అసలు అడగడమే మానేసింది. వెధవ జబ్బు వదిలిందని ఫ్యాక్టరీలో లేత్ మిషను ముందు నిలబడి ఈల వేశాను. మందు తగ్గిద్దామని డాక్టరమ్మ కూడా అంది.

ఈరోజు షిఫ్టు నుంచి తొందరగా వచ్చాను. అక్క ఇంకా నోరు తెరవనేలేదు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, “కట్టేశానే తల్లీ” అంది.

నాకు ఒళ్లు మండింది. “చెప్పొద్దన్నారు కదమ్మా. ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా బూడిదలో పోశావు.”

“అడిగితే కదా చెప్పొద్దన్నారు. అది అడగట్లేదుగా. ముందే చెప్పేస్తున్నా.”

అమ్మ ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. అక్క వచ్చి నా చొక్కా పట్టుకుంది.

“అయితే అమ్మ నాకోసం ఉత్తుత్తినే చెప్తోందేమోరా. ఒక్కసారి నువ్వు చూసి రా.”

వెళ్లి చూశాను.

“కట్టేసే ఉందక్కా” అన్నాను.