పద్నాలుగో నంబరు

"మేమూ వస్తామండీ," అంది భార్య. "సముద్రం ఒడ్డున ఒక్క రాత్రయినా పడుకోవాలని అత్తయ్య ఎన్నాళ్ళనుంచో అంటున్నారు."

డ్రైవింగ్ స్కూల్ మాస్టారు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. నేర్చుకునేవాళ్ళు బ్రేకు బదులు క్లచ్ తొక్కినప్పుడు నవ్వే నవ్వది.

"అమ్మా? ఇసుకలోనా? అసలు నీకు ఆటుకీ పోటుకీ తేడా తెలుసా? టెంటు ఇద్దరికే. నేనూ, మా ఫ్రెండూ. ఇంకేం మాట్లాడకు."

తీరంలోని ఆ నేషనల్ పార్కులో టెంట్లు వేసుకునే స్థలాలు ముప్పై ఆరు. వెనక చెట్ల చాటు, ఎదురుగా సముద్రం ఉన్నది మాత్రం పద్నాలుగో నంబరుకే. ఆరు నెలల ముందు, సరిగ్గా ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు. నిమిషంలో అన్నీ అయిపోతాయి. గాలి ఎటు వీస్తుందో, బాత్రూము ఎన్ని అడుగుల దూరమో రాసుకుంటూ మాస్టారు మూడు నెలలుగా ఇంట్లోవాళ్ళ బుర్ర తినేస్తున్నాడు. పాఠం చెప్పకుండా ఉండలేని జబ్బు ఆయనది. వారం రోజులుగా భార్యని పక్కన కూర్చోబెట్టుకుని రిహార్సల్ కూడా వేయిస్తున్నాడు.

"ఏదీ, మళ్ళీ చెప్పు."

"ముందుగానే లాగిన్ అవ్వాలి. పేర్లు, తేదీ నింపి పెట్టుకోవాలి. ఎనిమిది కొట్టగానే మ్యాపు జోలికి పోకుండా తిన్నగా పద్నాలుగు నొక్కాలి."

"పర్లేదే, చిలక పలుకులు బాగానే వచ్చాయి! నీకెలాగూ పనికిరావనుకో."

ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా పక్క గదిలోంచి మాస్టారి తల్లి కోడల్ని పిలిచింది. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

"వెళ్ళు వెళ్ళు. ఇక్కడుండి నువ్వు ఊడబొడిచేదేముంది?" అన్నాడు మాస్టారు.

ఎనిమిదయింది. అద్దాలు చూసుకోకుండా బండి కదపకూడదన్నది ఆయన పాతికేళ్ళ నియమం. పేరు చూశాడు. తేదీ చూశాడు. మళ్ళీ పేరు చూశాడు. అప్పుడు నొక్కాడు.

'ఈ స్థలం ఇప్పటికే బుక్ అయింది.'

మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే మాట. చూస్తుండగానే మిగతా నంబర్లు కూడా ఒక్కొక్కటే ఎర్రబడిపోయాయి. మూడు నెలల శ్రమ నీళ్ళపాలయింది.

"ఎవడో వెధవ!" అని బల్ల మీద గుద్దాడు. "గాలీ తెలీదు, పోటూ తెలీదు, గుడ్డిగా నొక్కేసుంటాడు! అలాంటి దద్దమ్మలకా పద్నాలుగు?"

పక్క గదిలో తల్లి కిసుక్కున నవ్వింది. భార్య గుమ్మంలోకి వచ్చి, చేతిలో ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది.

"గుడ్డిగా ఏం కాదండీ, అచ్చం మీరు నేర్పినట్టే నొక్కాను. నేనూ, అత్తయ్యా వెళ్తున్నాం. మిమ్మల్నీ తీసుకెళ్దామనే ఉంది గానీ, టెంటు ఇద్దరికేగా!"