ల్యాప్‌టాప్ ఫ్యాను రొద

ల్యాప్‌టాప్‌లు వేడెక్కడం మానేశాయి. లోపల ఫ్యాన్ల అవసరమూ పోయింది. అందరూ సంతోషించారు, అనకాపల్లిలో ఇంటి నుంచే ఉద్యోగం చేసే హిమజ తప్ప. పాతది రొద పెడుతుంటే కోడలు పనిలో ఉందని ఇంట్లో టీవీ తగ్గించేవారు. కొత్తది వచ్చాక ఆమె ఖాళీగా కూర్చున్నట్టే లెక్క. పప్పు నానబెట్టమని అత్తగారు, కాఫీ పెట్టమని మామగారు. చప్పుడు చేయకుండా పనిచేస్తే ఎవరు నమ్ముతారు?

చివరికి హిమజ ఆ పాత రొదనే ఎక్కడో సంపాదించి స్పీకర్లో పెట్టుకుంది. ఇంట్లో మళ్లీ గొంతులు తగ్గాయి.

ఒక మధ్యాహ్నం పని అయిపోయినా ఆమె దాన్ని ఆపలేదు. ల్యాప్‌టాప్ మూసేసి, కిటికీ దగ్గర కాళ్లు చాపుకుని వాన చూస్తూ కూర్చుంది. అంతలో అత్తగారు వరహాలమ్మ తలుపు తోసుకుని వచ్చింది. మూసిన ల్యాప్‌టాప్‌నీ, మోగుతున్న స్పీకరునీ చూసింది. హిమజ కంగారుగా ఆపబోయింది.

"ఉండనియ్యమ్మా" అంటూ ఆవిడ పక్కనే చతికిలబడింది.

హాల్లోంచి మామగారు కేకేశారు. "ఏమే, కాఫీ!"

వరహాలమ్మ కదల్లేదు. వాన వైపే చూస్తూ, "కాస్త సౌండు పెంచు" అంది.