చీమ రాసిన తాళం

"ఇవాళ పెద్దది గెలిస్తే నేను బయటపడ్డట్టే," అన్నాడతను ఫోన్‌లో.

"గెలిపించు మరి," అంది భార్య. "నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చి నెల కాలేదు. పెట్టె సర్దుతున్నా. ఈసారి కూడా ప్రయాణం రద్దంటే మా అక్కకు నువ్వే చెప్పుకో."

అతను మీటింగ్ గదిలోకి వెళ్లాడు. దాని కిటికీ తెరుచుకోదు.

వాళ్లు తయారుచేసేది ఎవరైనా ఉచితంగా వాడుకునే డేటాబేస్. అందులో పాస్‌వర్డ్ సరిచూసే భాగం మార్చాలి. ఆ తాళం ఎవరూ సొంతంగా చేసుకోరు. ఎక్కడో పొరపాటు చేసి దొంగకు దారి ఇస్తామని భయం. లైబ్రరీ పేరుతో సిద్ధంగా దొరికేదాన్నే తెచ్చుకుంటారు.

సరుకు రెండు రకాలుగా ఉంది. ఒకటి పెద్దది, బరువు, వెనక బోలెడుమంది. రెండోది చిన్నది, చురుకైనది, వెనక ఒకే ఒక్కడు. ఇంటర్నెట్‌లో అతని పేరు చీమ. మొహం ఎవరూ చూడలేదు.

"చిన్నదే మేలు," అన్నాడు మేస్త్రి. ప్రాజెక్టు పెద్దను అందరూ అలాగే పిలుస్తారు. "పెద్దది తెస్తే మనకక్కర్లేని సామానంతా మోయాలి."

వద్దనుకున్న సరుకును ముందు తక్కువ చేయాలి. అతను అదే చేశాడు.

"ఒక్కడి మీద ఆధారపడేది ఒక బేరమేనా? పోయిన నెల చీమ కొన్నాళ్లు పలకనే లేదు."

"తర్వాత ఆలస్యానికి క్షమించమని రాశాడు బాబాయ్," అంది పక్కనున్న అమ్మాయి. లోపాలు వెతికే పని ఆమెది. "ఆ పెద్దవాళ్లయితే మన ఉత్తరం చదవను కూడా చదవరు."

"రేపు మంచాన పడితే?"

"లేస్తాడు."

గదంతా నవ్వింది. అతనూ నవ్వాల్సి వచ్చింది.

ఇక చీమ పనిలో వంకలు ఎంచాడు. ఇక్కడ పాతబడింది, అక్కడ సరిగ్గా పరీక్షించలేదు అన్నాడు.

"ఇంత గాలించినా ఇవేనా దొరికాయి?" అన్నాడు మేస్త్రి. "అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు."

"విసుగొచ్చి మానేస్తే?"

మేస్త్రి టీ కప్పు కింద పెట్టాడు. "ఎలా మానేస్తాడయ్యా? ఎన్ని ఆఫీసులు మన డేటాబేస్ మీద నడుస్తున్నాయి. వాటి తాళం తన చేతిలో ఉందని తెలిశాక కంటికి కునుకు పడుతుందా? జీతం తీసుకునేవాడైతే మానేస్తాడు. ఊరికే చేసేవాడు మానలేడు. మనకు లాభం అక్కడే ఉంది."

చేతులెత్తారు. పెద్దదాని వైపు లేచింది అతని చెయ్యి ఒక్కటే.

"మనసు కష్టపెట్టుకోకు," అంటూ మేస్త్రి అతని భుజం తట్టాడు. "దాన్ని మన డేటాబేస్‌కి అతికించే పని అమ్మాయి చూసుకుంటుంది. నీకేం పని తగలదు. హాయిగా ఊరెళ్లి రా."

అతను తల ఊపాడు.

ఇంటి తలుపు తీసిన భార్య అతని మొహం చూసింది. లోపలికెళ్లి, పెట్టెలో సర్దిన చొక్కాలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో పెట్టసాగింది.

అతను మంచం అంచున కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆఫీసుకు తెలియని తన రెండో మెయిల్ తెరిచేసరికి మేస్త్రి ఉత్తరం వచ్చి ఉంది: "చీమగారూ, ఇక మేమంతా మీ మీదే ఆధారపడ్డాం."