రబ్బరు చెప్పుల పెద్దాయన

గేటు మళ్లీ మోగింది.

పొద్దున ఐదున్నరకు గేటు కొట్టే మనిషి మీద ఎవరికైనా ఒళ్లు మండుతుంది. భూపాల్‌కు నాలుగు రోజులుగా మండుతోంది.

"తమ్మీ, గోదావరి బ్రిడ్జి దాక ఉరికొద్దాం, వస్తవా?"

పెద్దాయనకు అరవై ఏళ్లుంటాయి. కాళ్లకు రబ్బరు చెప్పులు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు.

"ఎవడే వీడు?" అన్నాడు భూపాల్, గోడవైపు తిరిగి పడుకునే.

"నాకేమెరుక? నువ్వే పోయి అడుగు," అంది భార్య సంతోషి.

అడగక్కర్లేదు, భూపాల్‌కు తెలుసు. వీడు కంపెనీ విజిలెన్స్ మనిషి, దొంగ రోగాలు పట్టుకునేవాడు.

గనిలో బండ కూలి మూడు నెలలైంది. అప్పటినుంచి భూపాల్ డ్యూటీకి పోలేదు. కిందికి దిగాలనుకుంటేనే ఛాతీ పట్టేస్తుంది, చేతులు వణుకుతాయి. దవాఖానలో గోలీలిచ్చారు. నిద్ర మాత్రం రాదు.

మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఉద్యోగం కొడుక్కి వస్తుంది, తను మళ్లీ దిగక్కర్లేదు. అన్‌ఫిట్‌కు దరఖాస్తు పెట్టినవాడిని పనిగట్టుకుని పరుగుకు పిలిచేది విజిలెన్స్ వాళ్లు కాక ఇంకెవరు?

ఐదో రోజు తిట్టడానికే బయటికొచ్చాడు. పెద్దాయన అప్పటికే సందు మలుపు తిరుగుతున్నాడు.

"ఏయ్, ఆగు."

ఆగలేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ పోతూనే ఉన్నాడు. భూపాల్ వెంటపడ్డాడు. అర కిలోమీటరుకే ఊపిరందక రోడ్డు పక్కన చతికిలబడ్డాడు.

ఛాతీ పట్టేసింది. కానీ అలా పట్టేయడానికి మూడు నెలల్లో మొదటిసారి ఒక కారణం కనబడింది.

పెద్దాయన వెనక్కి వచ్చాడు. "నాలుగడుగులకు పీల్చు, నాలుగడుగులకు ఇడువు. గంతే."

"నిన్నెవడడిగిండు?"

ఆ మధ్యాహ్నం భూపాల్ రెండు గంటలు నిద్రపోయాడు. అసలు చిరాకు అదే.

మర్నాడు గేటుకు పాత పరుగు బూట్లు వేలాడుతున్నాయి. లోపల ఇంకుతో 4417 అని రాసి ఉంది. గని మనుషులు టోపీల మీద, బూట్ల మీద టోకెన్ నంబరు రాసుకోవడం మామూలే. ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నట్టున్నాడు పిసినారి ముసలోడు, అనుకుంటూ తొడుక్కున్నాడు.

పోవద్దు పోవద్దనుకుంటూనే రోజూ పోయాడు. నెల తిరిగేసరికి బ్రిడ్జి దాకా ఆగకుండా పరుగెత్తుతున్నాడు. అన్నం రుచి తెలుస్తోంది. సంతోషిని విసుక్కోవడం తగ్గింది. పెద్దాయనను విసుక్కోవడం మాత్రం తగ్గలేదు.

"గీ వయసుల నీకెందుకు గీ ఉరుకుడు?"

"నాకు గూడ నిద్ర రాదు తమ్మీ."

ఒకరోజు బ్రిడ్జి మీద రొప్పుతూ నిలబడినప్పుడు భూపాల్ నోరు జారింది.

"నా పక్కన ఎలీషా అని ఒక పిల్లగాడుండె. మా షిఫ్టుకొచ్చి తొమ్మిది రోజులే. నువ్వీడ్నే నిలబడు, నేను నీళ్లు తాగొస్త అని పోయిన. నేనొచ్చేసరికి వాడు బండ కింద ఉన్నడు."

పెద్దాయన రెయిలింగు పట్టుకుని నదివైపు తిరిగాడు.

"దూపైతె నీళ్లు తాగుతరు. గది తప్పెట్లయితది?" అన్నాడు.

ఆ రోజు భూపాల్ ఇంటికొచ్చి సంతోషి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. కడుపునిండా తిని పడుకున్నాడు. లేచాక గానీ తట్టలేదు. పోయి పోయి విజిలెన్స్ వాడికే అంతా చెప్పుకున్నాడు.

వారానికి బోర్డు పిలిచింది.

"బీపీ దిగింది. నిద్ర కూడా పడుతోందంటున్నావు. ఏం చేస్తున్నావు?" అన్నాడు డాక్టరు.

భూపాల్ నోరు తెరిచేలోపే వెంట వచ్చిన సంతోషి అందుకుంది. "రోజు బ్రిడ్జి దాక ఉరుకుతుండు సార్."

ఫిట్ అని రాశారు.

మర్నాడు గేటు మోగగానే భూపాల్ పెద్దాయన మీద విరుచుకుపడ్డాడు. క్వార్టర్ల లైనంతా బయటికొచ్చి చూసింది.

"సంబురమైందా? రిపోర్టు మంచిగ రాసినవా? నా కొడుకు నౌకరి కరాబ్ చేసినవ్. నీకో కొడుకుంటె తెలుస్తుండె."

పెద్దాయన తన చెప్పులవైపు చూసుకున్నాడు.

"కొడుకును కిందికి దించుతందుకు గింత ఆరాటమెందుకు తమ్మీ," అన్నాడు మెల్లగా. "గోలీలు ఏసుకో. ఉరుకుడు బంద్ పెట్టకు."

మర్నాడు గేటు మోగలేదు. ఆ తర్వాతా మోగలేదు. పీడ వదిలిందనుకున్నాడు భూపాల్. అనుకుంటూనే ఐదున్నరకు గేటు దగ్గర నిలబడ్డాడు.

సోమవారం మొదటి షిఫ్టు. ఆ బూట్లతోనే గనికి నడిచాడు. లాంప్ రూం ముందు చేతులు వణికాయి. నాలుగడుగులకు పీల్చాడు, నాలుగడుగులకు వదిలాడు. వణుకు పూర్తిగా పోలేదు గానీ, కాళ్లు వెనక్కి తిరగలేదు.

బూట్లు విప్పి బెంచీ కింద పెడుతుంటే, టోపీ దీపాలిచ్చే నర్సింగం వంగి చూశాడు.

"4417. గివి ఎలీషావి గద. ఉరుకుడు పోటీలకు ఏసుకుంటుండె. నీ దగ్గరికెట్లొచ్చినయ్?"

భూపాల్ బూటు తిప్పి లోపలి నంబరు మళ్లీ చూశాడు.

"వాని లాకర్ల సామాను వాళ్ల నాయిననే తీస్కపోయిండు, యేసయ్య కాక. ఆ రోజు కొడుకు పక్కన ఎవరుండె అని అడిగితె, నీ పేరు, క్వార్టరు నేనే చెప్పిన. ఇన్ని దినాలు కొడుకు క్వార్టర్లనే ఉండె, ఖాళీ చేసి మొన్ననే తన ఊరు మందమర్రి పోయిండు," అన్నాడు నర్సింగం. "ఎప్పటికి రబ్బరు చెప్పులే ఏస్తడు చూడు, గాయినే."