బండ చాటు గాలి

చెరువు అడుగంటింది. ఆ పొద్దున గూడబాతుల మంద ఎలాగైనా లేచిపోవాలి. అసలే ఒళ్లు బరువు పిట్టలు, ఎదురుగాలికి పరుగెత్తితేనే పైకి లేస్తాయి. గాలి వెనక నుంచి తోసిందంటే చెరువు చుట్టూ ఉన్న తుమ్మముళ్లలో పడ్డట్టే.

ఏ వైపు గాలో చెప్పేది గట్టు మీద బండ చాటున కూర్చునే తొండ.

"పడమటి గాలి మామా! అటే పరుగెత్తండి" అంది తొండ.

మందంతా పడమరకు తిరిగింది. ముసలి గూడబాతు గంగులు మాత్రం కదల్లేదు. పోయినేడు ఈ తొండ మాట వినే అతని కుడిరెక్క ముళ్లకు చీలింది.

"మనం పడి చస్తే చీమలు చేరతాయి. చీమలు వీడికి తిండి. ఆ లెక్క మీకు తెలీదర్రా" అన్నాడు.

"ముసలోడికి అన్నీ అనుమానాలే" అని పడుచు బాతులు నవ్వాయి.

గంగులు గట్టెక్కి తొండ పక్కనే నిలబడ్డాడు. నిజంగానే పడమటి గాలి ముఖానికి కొట్టింది. అయినా నమ్మకం కుదరక బండ చాటు దాటి నాలుగడుగులు వేశాడు. అక్కడ తూర్పుగాలి ఈడ్చి కొడుతోంది. అదే గాలి బండను చుట్టి, చాటున వెనక్కి తిరుగుతోంది.

"నువ్వు అబద్ధాలకోరువి కాదురా. ఏడాదిగా ఊరికే తిట్టుకున్నాను" అన్నాడు గంగులు.

తొండ పొంగిపోయింది. "అయితే మళ్లీ ఏడు నన్నే అడుగుతావుగా మామా?"

"అడగను. నువ్వు చెప్పేది బండ చాటు గాలి. నేను లేచేది చెరువులోంచి."

గంగులు గట్టు దిగి గాలి సంగతి చెప్పాక, మంద తూర్పుకు పరుగెత్తి, తుమ్మల మీదుగా లేచిపోయింది. తొండ మాత్రం ముఖానికి తగిలే పడమటి గాలికి కళ్లు మూసుకుని, "పాపం, ముసలోడికి దిక్కులు కూడా తెలియవు" అనుకుంది.