బూట్లు విప్పిన దొంగ

“పోలీసులు వాడి అమ్మేసిన పిస్టల్ ఇది. చవకే గానీ గురి తప్పదు,” అన్నాడు తుపాకుల కొట్టాయన.

కొట్టు వెనక కాల్పుల రేంజిలో వర్జిల్ అట్టబొమ్మ గుండెకి గురిపెట్టి పేల్చాడు. తగిలింది.

“చూశావా లొరెట్టా? ఈసారి రమ్మను ఆ దొంగవెధవని!”

“బురదలో వచ్చినవాడు బూట్లు గుమ్మం బయటే విప్పాడు వర్జిల్. వంటింట్లో తడి మేజోళ్ళ జాడలే ఉన్నాయి,” అంది భార్య.

కొట్టాయన పగలబడి నవ్వాడు. “ఎంత మర్యాదో! ఏం పట్టుకెళ్ళాడేంటి?”

“నా నొప్పిమాత్రలు. మా కుక్కకి గిన్నెలో నీళ్ళు పోసి మరీ వెళ్ళాడు,” అంది లొరెట్టా.

వర్జిల్ చెయ్యి దిగిపోయింది. మత్తుమాత్రలకి మరిగాడని తనే మెడపట్టి గెంటేసిన కొడుకు వేడ్ గుర్తొచ్చాడు. చిన్నప్పుడు బూట్లతో ఇంట్లోకొస్తే వాడి వీపు విమానం మోత మోగించేది లొరెట్టా.

“వాడేనని ముందే చెప్పొచ్చుగా?” అన్నాడు.

“తెలిసే కొంటున్నావనుకున్నా.”