అవ్వ నోరు విప్పిన రోజు

గురువారం పదింటికి డీన్ హాల్వర్సన్ తరగతికి వస్తానన్నాడు. వచ్చి చూస్తాడట. ఏం చూస్తాడు, రోవీనా మొహం!

ఉత్తర ఆల్బర్టాలో, ఏడాదికి ఆరు నెలలు మంచు కిందే ఉండే ఆ ఊరి కాలేజీలో ఆదివాసీ చదువుల విభాగానికి రోవీనాయే పెద్ద. విభాగం అంటే ఒక గది, ఒక కెటిల్, ఆవిడ. తన జనం మాటని కాలేజీలో పాఠంగా పెట్టించడానికి ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. ఆ మాటలో రోవీనాకి వచ్చినవి నాలుగే ముక్కలు. అందులో రెండు తిట్లు.

పోయిన చలికాలం, ఆ మాట పూర్తిగా వచ్చిన ఆంబ్రోస్ తాత పోయాడు. ఇక ఆ భాష మిగిలింది ఆయన చెల్లెలు యులాలీ అవ్వ నోట్లోనే అని ఊరంతా అంది. ఊరంతా అన్నాక ఇంకెవర్ని అడుగుతాం?

పెద్దల్ని అడగడంలో రోవీనా తన జనం పద్ధతి తప్పలేదు. ఎర్రగుడ్డలో పొగాకు మూటగట్టి తీసుకెళ్ళి అవ్వ ముందు పెట్టింది.

"మన మాట కోసం కాలేజీలో తరగతి పెడుతున్నాం. నువ్వు తప్పకుండా రావాలి అవ్వా."

పొగాకు అందుకుంటే ఒప్పుకున్నట్టే. అవ్వ రెండు చేతులా అందుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఈ మాట ఎవరైనా అంటారా అని డెబ్భై ఏళ్ళుగా చూస్తున్నానే తల్లీ!"

మొదటివారం ఏడుగురు పిల్లలొచ్చారు. అవ్వ అందరికన్నా అరగంట ముందే వచ్చింది. కొత్త నోటుబుక్కు, చెక్కిన పెన్సిలు, ఫ్లాస్కులో టీ. బల్ల వెనక కుర్చీ చూపిస్తే వద్దంటే వద్దంది. పిల్లలతోపాటు ముందు వరసలో కూర్చుంది. పెద్దరికం అంటే అదీ అని రోవీనా మురిసిపోయింది.

అవ్వ మాట్లాడలేదు. గంట గడిచింది. రోవీనా చేసుకొచ్చిన బానక్ రొట్టె తిని, అందరికీ టీ పోసి, నవ్వుతూ వెళ్ళిపోయింది.

రెండోవారమూ అంతే. మూడోవారమూ అంతే. పెద్దల్ని తొందరపెట్టడం ఆ జనంలో లేదు. చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే చెప్తారు. పైగా అవ్వని ఆరేళ్ళప్పుడు తెల్లవాళ్ళు మిషన్ బడికి ఎత్తుకుపోయారు. అక్కడ సొంత మాట ఆడినా, నోరు తెరిచి ఏదడిగినా బెత్తమే. అలాంటి మనిషికి తరగతి గదిలో నోరు పెగలాలంటే మాటలా? రోవీనా అలా సర్దుకుంది.

"మౌనమే మొదటి పాఠం పిన్నీ," అంది డార్సీ అనే పిల్ల, ఆవులిస్తూ.

"రెండో పాఠం ఏవిటో?"

"కునుకు."

అవ్వతో సహా అందరూ నవ్వారు. కానీ ఆరోవారానికి ముగ్గురే మిగిలారు. ఏడోవారానికి డార్సీ ఒక్కతే.

రోవీనా ఉండబట్టలేకపోయింది. తప్పని తెలిసీ అడిగింది.

"ఇక మొదలుపెడదామా అవ్వా?"

"నేనెప్పుడో సిద్ధంగా ఉన్నానే. రావలసినవాళ్ళు రావాలి కదా మరి!"

పిల్లలు తగ్గిపోయారని నొచ్చుకుంటోంది కాబోలు, పాపం! రోవీనా సిగ్గుతో చచ్చిపోయింది. మానేసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, గుమ్మాల్లో నిలబడి ఒక్కొక్కరినీ బతిమాలింది. ఒకడు టీవీ గొంతు పెంచాడు. ఒక్కరూ రాలేదు.

బుధవారం హాల్వర్సన్ పిలిచి చెప్పేశాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకునైనా ఊరుకునేది.

"ఎనిమిది వారాల్లో ఒక్క పదం కూడా నేర్పలేదట కదా రోవీనా. రేపు నా ఎదుట ఒక్కటంటే ఒక్క మాట నేర్పించండి, పైవాళ్ళతో నేను పోట్లాడతాను. లేదా, మూసేస్తారు. మళ్ళీ తెరవరు."

ఒకవేళ తెరిచినా అప్పటికి అవ్వ ఉండదు. అవ్వ లేకపోతే మాట లేదు. రోవీనాకి ఏడుపు కూడా రాలేదు.

గురువారం పొద్దున మంచు దంచికొట్టింది. అవ్వ ఎప్పట్లాగే అరగంట ముందొచ్చింది. రోవీనా గుమ్మంలోనే ఆమె చేతులు పట్టుకుంది.

"అవ్వా, ఇవాళ పెద్దాయన వస్తున్నాడు. మన మాట బతకడం ఇక ఈ పూట మీదే ఉంది."

అవ్వ మొహం చాటంతయింది.

"ఇవాళేనా? ముందే చెప్పొద్దుటే! తల సరిగ్గా దువ్వుకునైనా వచ్చేదాన్ని."

గబగబా వెళ్ళి తన చోట్లో కూర్చుంది. పెన్సిలు మళ్ళీ చెక్కుకుంది. అమ్మయ్య, అనుకుంది రోవీనా. తొమ్మిది వారాల్లో మొదటిసారి అనుకుంది.

పదింటికి తలుపు తెరుచుకుంది. హాల్వర్సన్ టోపీ మీది మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. అవ్వ బల్ల పట్టుకుని లేచి నిలబడింది. ఎనభై దాటిన మనిషి అలా లేచేసరికి ఆయన కంగారుపడ్డాడు.

"అయ్యో, కూర్చోండమ్మా! ఇవాళ ప్రత్యేకంగా మీ కోసమే వచ్చాను."

ఆ మాటకి అవ్వ గబుక్కున కూర్చుంది. నోటుబుక్కు తెరిచి మొదటి పేజీ అరచేత్తో సాపు చేసింది. అవ్వ నోరు విప్పబోతోంది. డార్సీ ఫోను పక్కన పెట్టింది. రోవీనా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

అవ్వ గొంతు సవరించుకుని అంది: "తొమ్మిది వారాలుగా మీ కోసమే కూర్చున్నాను మాస్టారూ, మా మాట నాకు ఒక్క ముక్క రాదు, నేర్పండి."